పట్టు ఎక్కడుంది?

చెక్కపని షాపులో రంపం మెషిన్ అంటే అందరికీ భయం, చిత్రిక మెషిన్ అంటే అందరికీ ముచ్చట. డ్రిల్ మెషిన్ కింద బిట్‌ని పట్టుకుని తిరిగే ఇనుప ముద్దని మాత్రం ఎవరూ పట్టించుకోరు. దాని పేరు చక్. చేయాల్సిన పని చేస్తున్నన్నాళ్లూ అది ఉన్నట్టే ఎవరికీ గుర్తుండదు. వదలాల్సినప్పుడు వదలకపోయినా, పట్టుకోవాల్సినప్పుడు జారవిడిచినా పనంతా అక్కడే ఆగిపోతుంది. అలా మొరాయించిన ఒక చక్‌ని మెషిన్ నుంచి దింపి, విప్పి, కడిగి, మళ్లీ ఎక్కించే పనిలో నేను ఒక సంగతి నేర్చుకున్నాను. అది షాపుతో ఆగలేదు, మా ఇంటిదాకా వచ్చింది. అందుకే రాస్తున్నాను.

మా షెడ్డు చైతన్యపురి దగ్గర విజయవాడ రోడ్డు దిగి, సరూర్‌నగర్ చెరువు వైపు వెళ్లే సందుల్లో ఉంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డుకు రెండు వైపులా కోచింగ్ సెంటర్ల బోర్డులు, వెనక సందుల నిండా హాస్టళ్లు. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి చదువుకోసం, ఉద్యోగ పరీక్షల కోసం వచ్చే పిల్లలకు హైదరాబాద్ అంటే ముందు ఈ రోడ్డే. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో మొదలయ్యాక ఇక్కడ గది తీసుకుని ఊరి ఆ చివర క్లాసుకు వెళ్లి రావడం కూడా సులువైంది. ఆ హాస్టళ్లకు మంచాలు, చదువుకునే టేబుళ్లు, పుస్తకాల అరలు చేసివ్వడమే మాకు ఎక్కువగా వచ్చే పని.

ఈ సామాన్లలో పైకి కనిపించని బెజ్జాలే ప్రాణం. టేబుల్ కాళ్లను అడ్డపట్టీలతో కలిపే చోట, చెక్క లోపల డోవెల్ చీలలు ఉంటాయి. 8 మిల్లీమీటర్ల చీలకు 8 మిల్లీమీటర్ల బెజ్జమే పడాలి. చక్ కొంచెం ఊగితే బిట్ కొన చిన్న సున్నా చుడుతుంది, బెజ్జం పెద్దదవుతుంది. చీల వదులుగా కూర్చుంటుంది, జిగురు ఎంత పోసినా ఆ అతుకు నిలవదు. పిల్లవాడు రాత్రంతా మోచేతులు ఆనించి చదివే టేబుల్ నెలల్లోనే కిర్రుమంటుంది. కొన్నవాళ్లు చెక్కని తిడతారు, జిగురుని తిడతారు. తప్పు చాలాసార్లు చక్‌ది. చక్ తప్పు కూడా చాలాసార్లు దానిలో పేరుకున్న పొట్టుది.

2020 అక్టోబర్ 13న కురిసిన వానని ఈ వైపు వాళ్లెవరూ మరిచిపోలేదు. ఘట్‌కేసర్ దగ్గర ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల వాన పడింది. సరూర్‌నగర్ చెరువు పొంగి దిగువన ఉన్న కాలనీలు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. మా షెడ్డులో నీళ్లు డ్రిల్ మెషిన్ బల్ల దాటి చక్‌ని ముంచాయి. మోటారు పైన ఉండబట్టి బతికింది. నీళ్లు తీశాక చూస్తే చక్ లోపల బురద, తడిసి గట్టిపడిన టేకు పొట్టు, వాటి మీద ఎర్రటి తుప్పు. దవడలు సగం తెరుచుకుని అక్కడే ఉండిపోయాయి. కీ పెట్టి తిప్పితే కదలిక లేదు.

వచ్చినవాళ్లు తలా ఒక సలహా ఇచ్చారు. పక్కనుంచి సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే అదే ఊడుతుందన్నారు కొందరు. గ్రైండర్‌తో కోసేసి కొత్తది వేసుకోమన్నారు మరికొందరు. కొత్త చక్ మరీ ఖరీదైన వస్తువేం కాదు, అఫ్జల్‌గంజ్‌లోనో రాణీగంజ్‌లోనో దొరుకుతుంది. కానీ కొత్తది తెచ్చినా పాతది దిగాలి కదా. దానికి పక్కనుంచి వేసే దెబ్బ స్పిండిల్ బేరింగుల మీద పడుతుంది. బేరింగు దెబ్బతింటే ఎంత మంచి చక్ తెచ్చి వేసినా ఊగుతూనే ఉంటుంది. అంటే చక్ కోసం మెషిన్‌నే పోగొట్టుకున్నట్టు అవుతుంది.

ఎల్బీనగర్ చౌరస్తా దాటాక ఒక చిన్న రేకుల షెడ్డులో మెషిన్లు బాగుచేసే పెద్దాయన ఒకరు ఉండేవారు. అందరం చాచా అనే పిలిచేవాళ్లం. ఆ వాన తర్వాత ఆయన షెడ్డు ముందు తడిసిన మోటార్లు, మిక్సీలు, కుట్టుమిషన్లు గుట్టగా పడి ఉండేవి. తీరిక చేసుకుని వచ్చారు. వచ్చీ రాగానే పానా పట్టుకుంటారని చూశాను. ఆయన ప్లగ్గు తీయించారు. స్టూలు లాక్కుని కూర్చుని, స్పిండిల్‌ని చేత్తో మెల్లగా తిప్పుతూ చాలాసేపు చూశారు.

“ఏం చూస్తున్నరు చాచా?” అని అడిగాను.

“ఏం పట్టుకోని ఉందో చూస్తున్న బేటా. పట్టు ఎక్కడుందో దొరకాలె. దొరికినంక సుత్తి ఎందుకు, వేలుతోని పని అయితది.”

ఆ రోజు నేను నేర్చుకున్నది ఆ మాటే. దాని లోతు మాత్రం ఆయన చక్‌ని దింపుతుంటే ఒక్కో మెట్టు దగ్గర తెలుస్తూ వచ్చింది.

ఆ మెషిన్‌లో చక్‌ని పట్టి ఉంచే బోల్టు లేదు, మర లేదు. పట్టంతా వాలుది. స్పిండిల్ లోపల పైకి పోయేకొద్దీ సన్నబడే గుంట ఉంటుంది. సరిగ్గా అదే వాలుతో చేసిన ఉక్కు కడ్డీ, దాన్ని ఆర్బర్ అంటారు, ఆ గుంటలోకి వెళ్లి కూర్చుంటుంది. వాలు ఎంత అంటే, 100 మిల్లీమీటర్ల పొడవు మీద వ్యాసం దాదాపు 5 మిల్లీమీటర్లు తగ్గుతుంది. ఒక్కో పక్క చూస్తే ఒకటిన్నర డిగ్రీ కూడా ఉండదు. ఉక్కు మీద ఉక్కు జారిపోవడానికి ఆ వాలు చాలదు. రెండు గోడల మధ్య రాపిడే వాటిని కలిపి ఉంచుతుంది. బిట్‌ని చెక్కలోకి నొక్కిన ప్రతిసారీ ఆర్బర్ ఇంకాస్త పైకి బిగుస్తుంది. అంటే మెషిన్ ఎంత పనిచేస్తే పట్టు అంత గట్టిపడుతుంది. 1860లలో అమెరికాలో స్టీఫెన్ మోర్స్ అనే ఆయన స్థిరపరచిన కొలతలివి. అందుకే మోర్స్ టేపర్ అంటారు. మా మెషిన్‌ది రెండో నంబరు, ఎంటీ-2.

ఇది తెలిశాక పక్కదెబ్బ ఎందుకు పనికిరాదో వివరించి చెప్పక్కర్లేదు. పట్టు నిలువుగా ఉంది, కాబట్టి విడిపించే తోపు కూడా నిలువుగానే ఉండాలి. ఆ మెషిన్ తయారుచేసినవాళ్లు అందుకు దారి ముందే పెట్టారు. హ్యాండిల్ తిప్పి స్పిండిల్‌ని కిందికి దింపితే దాని గొట్టం పక్కన ఒక సన్నటి పొడుగాటి కన్నం కనిపిస్తుంది. లోపలి స్పిండిల్‌కీ అలాంటి కన్నమే ఉంటుంది. చేత్తో తిప్పుతూ పోతే ఒక చోట రెండు కన్నాలూ ఎదురెదురుగా వస్తాయి. చాచా అంతసేపు వెతికింది దాన్నే. ఆ కన్నంలో చూస్తే ఆర్బర్ పైకొన చదునుగా, నాలుకలా కనిపిస్తుంది. అక్కడ డ్రిఫ్ట్ అనే ఉక్కు పలకని దూరుస్తారు. ఒక చివర సన్నగా, మరో చివర వెడల్పుగా ఉంటుంది. గుండ్రటి అంచు పైకి, తిన్నటి అంచు కిందికి పెట్టాలి. దాని వెడల్పు చివర మీద చిన్న తట్టు తడితే అది ఆర్బర్‌ని తిన్నగా కిందికి తోస్తుంది.

తుప్పు పట్టిన మెషిన్ కాబట్టి ఆయన వెంటనే తట్టలేదు. ఆ కన్నంలో, కింద ఆర్బర్ చుట్టూ పలచటి నూనె వేసి, రేపు వస్తానని వెళ్లిపోయారు. నూనె సన్నటి సందులోకి దిగడానికి టైము పడుతుంది, దాన్ని తొందరపెట్టలేం. మర్నాడు బల్ల మీద మందపాటి గుడ్డ, దాని మీద చెక్కముక్క పరిచి, చక్ కింద పడినా దెబ్బ తగలకుండా చూసుకున్నాకే డ్రిఫ్ట్ పెట్టారు. చిన్న తట్టు, ఆగి మళ్లీ చిన్న తట్టు. లోపల టక్కుమని శబ్దం వచ్చింది, చక్ ఆర్బర్‌తో సహా చెక్కముక్క మీదికి దిగింది. దానికోసం అంతకుముందు ఎంత బలం వాడదామని చూశామో తలచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యం.

అక్కడ ఇంకో పట్టు మిగిలి ఉంది. ఆర్బర్ కింది కొన ఇంకో పొట్టి వాలుతో చక్ వీపులో దిగి ఉంటుంది. ఈ రెండో పట్టుకు డ్రిఫ్ట్ కన్నం లేదు. దీనికి మధ్యలో చీలిక ఉండే రెండు ఉక్కు పలకలు వాడతారు. చక్ వీపుకీ ఆర్బర్ భుజానికీ మధ్య వాటిని ఎదురెదురుగా దూర్చి, వైస్‌లో పెట్టి నెమ్మదిగా బిగిస్తే రెండూ విడిపోతాయి. ఆర్బర్‌కి భుజం లేకపోతే దారి మారుతుంది. చాలా చక్‌లలో దవడల మధ్య నుంచి లోపలికి చూస్తే మధ్యలో గట్టి పరచని మెత్తని ఇనుము ఉంటుంది. అక్కడ బెజ్జం వేసి, పంచితో లోపలినుంచే ఆర్బర్‌ని బయటికి తోస్తారు. చక్‌కి దానివల్ల నష్టం లేదు. కొన్ని చిన్న మెషిన్లలో అసలు ఆర్బరే ఉండదు, స్పిండిల్ కొనే పొట్టి వాలుగా ఉండి చక్ దాని మీద నేరుగా కూర్చుంటుంది. అక్కడ డ్రిఫ్ట్ కన్నం కోసం ఎంత వెతికినా దొరకదు, పలకలే గతి. ఒక మెషిన్ దగ్గర నేర్చుకున్న విద్య ఇంకో మెషిన్ దగ్గర పనిచేయాలనేం లేదు. ప్రతి మెషిన్‌నీ మళ్లీ మొదటినుంచి చూడాల్సిందే.

తర్వాత చక్‌ని విప్పడం. కీతో తిప్పే మూడు దవడల చక్‌ని 1902లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో ఆర్థర్ జేకబ్స్ పేటెంట్ చేశాడు. పాత రకం చక్‌ని పానాతో బిగిస్తుండగా చేతివేళ్లు గీసుకుపోవడం వల్లే ఆయనకు ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. అప్పటినుంచి లోపలి ఏర్పాటు పెద్దగా మారలేదు. బయట పళ్లున్న తొడుగు, కీ తిప్పేది దాన్నే. తొడుగు లోపల బిగువుగా కూర్చున్న ఒక నట్టు, అది రెండు అర్ధచంద్రాలుగా ఉంటుంది. ఆ నట్టు మరల్లో కదిలే మూడు దవడలు, చక్ దిమ్మెలో ఏటవాలుగా ఉన్న మూడు గుంటల్లోంచి ముందుకూ వెనక్కూ జరుగుతాయి. తొడుగుని దిమ్మెకు పట్టి ఉంచేది మళ్లీ బిగువే. సరిపోయే రింగు మీద తొడుగుకి ఊతమిచ్చి, ప్రెస్ మీద నొక్కితే అది ఊడి వస్తుంది. నట్టు రెండు ముక్కలుగా చేతిలోకి వస్తుంది, దవడలు జారి బయటికి వస్తాయి.

“దవడ తీసే ముందు నంబరు చూడు,” అన్నారు చాచా. చూస్తే ఒక్కోదాని మీద 1, 2, 3 అని సన్నగా చెక్కి ఉంది. మూడూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కానీ వాటి వీపు మీది మరలు ఒకదానికంటే ఇంకోటి కొద్దిగా జరిగి మొదలవుతాయి. ఎందుకంటే తిరిగే మర ఒక గుంట నుంచి ఇంకో గుంటకు చేరేసరికి ఆ మేరకు ముందుకు జరుగుతుంది. దవడల వరస తప్పితే మూడు కొనలూ ఒక చోట కలవవు, బిట్ మధ్యలో నిలవదు. నట్టు ముక్కలు రెండూ ఒకదానికొకటి జత, వేరే చక్ నుంచి తెచ్చి కలపడం కుదరదు. ఆ విప్పిన భాగాలన్నిటినీ చాచా మా చెక్క ట్రేలో తీసిన వరసలోనే పెట్టించారు.

లోపల చూస్తే విరిగిన భాగం ఒక్కటీ లేదు. తుప్పు పైపైనే ఉంది, దవడల కొనలు అరగలేదు. మరల సందుల్లో నిండుకున్న పొట్టే అన్నిటినీ ఆపింది. టేకులో సహజంగా నూనె ఉంటుంది, ఎండీఎఫ్ పొట్టులో జిగురు ఉంటుంది. చక్‌కి గ్రీజు పూస్తే ఆ పొట్టంతా గ్రీజుకి అంటుకుని రాయిలా గట్టిపడుతుంది. బాగా తిరగాలని పూసిన గ్రీజే కొన్నాళ్లకు తిరగనివ్వదు. కిరోసిన్‌లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో మర మరా తోమి, సన్నటి గరుకు కాగితంతో తుప్పు తీసి, ఎండబెట్టాం. మరల మీద పలచటి మెషిన్ ఆయిల్ ఒకటి రెండు చుక్కలు వేసి, పైకి కనిపించేదంతా గుడ్డతో తుడిచాం. కూర్చేటప్పుడు మూడు దవడల కొనలూ సమంగా వచ్చాయో లేదో చూసుకున్నాకే తొడుగుని నొక్కాం.

ఎక్కించేటప్పుడు చాచా చెప్పిన జాగ్రత్త ఇంకోటుంది. మరలకు నూనె కావాలి, వాలుకి నూనె ఉండకూడదు. వాలు రాపిడి మీద బతుకుతుంది, నూనె రాపిడిని తినేస్తుంది. స్పిండిల్ లోపలి గుంటని, ఆర్బర్‌ని పొడి గుడ్డతో తుడిచి, వేలితో తడిమి, చిన్న పొట్టు రేణువు కూడా లేదని చూశాం. రేణువు ఒక్కటున్నా వాలు పూర్తిగా ఆనదు, చక్ ఊగుతుంది. దవడల్ని పూర్తిగా లోపలికి తిప్పి, ఆర్బర్ నాలుకని లోపలి గాడిలోకి కుదిర్చి, కింది నుంచి కొయ్య సుత్తితో ఒక్క దెబ్బ. అంతే. నున్నటి తిన్నటి కడ్డీ ఒకటి బిగించి డయల్ గేజ్‌తో చూస్తే ముల్లు దాదాపు కదల్లేదు. వాన ముందు కూడా మా మెషిన్ అంత తిన్నగా తిరిగినట్టు నాకు గుర్తులేదు.

చాచాకి ఈ పని నేర్పిన గురువు ప్రాగా టూల్స్‌లో ఫిట్టరుగా చేసిన మనిషట. 1943లో మొదలై, సికింద్రాబాద్ కవాడిగూడలో నడిచిన ఆ కంపెనీ గ్రైండింగ్ మెషిన్లతో పాటు చక్‌లు కూడా తయారుచేసింది. తర్వాత హెచ్‌ఎంటీలో కలిసిపోయింది. చక్‌ని తయారుచేసిన చేతుల నుంచి చక్‌ని విప్పే విద్య ఒకరి ద్వారా ఒకరికి ఎల్బీనగర్ రేకుల షెడ్డు దాకా వచ్చింది. అది పుస్తకంలోంచి రాలేదు. పక్కన నిలబడి చూసినవాడికే అందింది. అందుకే నేను ఆ రెండు రోజులూ వేరే పనులన్నీ పక్కనపెట్టి ఆయన పక్కనే ఉన్నాను, మా షాపు కుర్రాళ్లనీ ఉండమన్నాను.

తర్వాత పట్టు ఎక్కడుందనే ఆ ఒక్క ప్రశ్నతోనే మా షాపులో మిగిలినవన్నీ చూడటం మొదలుపెట్టాను. చేతి డ్రిల్‌కి చక్ వాలు మీద ఉండదు, మర మీద ఉంటుంది. రెండు వైపులా తిరిగే డ్రిల్ అయితే, వెనక్కి తిరిగేటప్పుడు చక్ ఊడిపోకుండా లోపల ఒక స్క్రూ ఉంటుంది. దవడలు పూర్తిగా తెరిచి లోపలికి చూస్తేనే కనిపిస్తుంది. దానిది ఉల్టా చూడీ. అంటే మనం బిగించడానికి తిప్పే వైపు తిప్పితే ఊడుతుంది. ఇది తెలియనివాడు స్క్రూ ఊడదీస్తున్నాననుకుంటూ బిగిస్తూ పోతాడు, చివరికి దాని తల అరిగిపోతుంది. ముందు ఆ స్క్రూ తీసి, దవడల్లో పెద్ద ఎలెన్ కీ బిగించి, దాని చివర మీద ఎడమవైపు తిరిగేలా ఒక్క చురుకైన దెబ్బ వేస్తే చక్ మర వదులుతుంది. డ్రిల్ మెషిన్‌లో దెబ్బ పక్కనుంచి వేయకూడదు, ఇక్కడ పక్కనుంచే వేయాలి. పట్టు మారితే విడుపు మారుతుంది.

చెక్క లేతుకీ చక్ మరతోనే ఎక్కుతుంది. లేతు తిరిగేకొద్దీ ఆ మర తనంతట తానే బిగుసుకుంటుంది కాబట్టి, స్పిండిల్‌ని లాక్ చేసి వెనక్కి తిప్పాలి. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసేవాళ్లు ఇంకా సూటైన పద్ధతి వాడతారు. అంకుడు కర్రముక్కని లేతు చక్ గుంటలోకి కొట్టి దిగ్గొడతారు. దవడల్లేవు, కీ లేదు. కర్ర బిగువే పట్టు. తిరుగుతున్న ఆ కర్ర మీద ఉలి ఆనించి బొమ్మ ఆకారం తీస్తారు, లక్క ముక్క ఒత్తి రంగు ఎక్కిస్తారు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ బొమ్మల వెనక ఉన్నదీ, మా ఎంటీ-2 వెనక ఉన్నదీ ఒకటే నియమం, సరిగ్గా కుదిరినదాన్ని రాపిడి వదలదు.

ఈ నియమం తెలియడం వల్ల ఒక ప్రమాదం కూడా తప్పింది. కుర్చీ వంపుల్ని నున్నగా చేయడానికి డ్రిల్ మెషిన్ చక్‌లో గరుకు కాగితం చుట్టిన డ్రమ్ము బిగించి, చెక్కని దానికి పక్కనుంచి ఆనించే అలవాటు మా వడ్రంగుల్లో చాలామందికి ఉంది. కిందికి నొక్కితే బిగిసే వాలు పక్కనుంచి అదిరితే మెల్లగా వదులుతుంది. తిరుగుతూ తిరుగుతూ చక్ ఊడి పడితే ఎవరి కాలు మీద పడుతుందో, ఎవరి ముఖం మీదికి ఎగురుతుందో చెప్పలేం. మా షాపులో ఆ పని ఆపించి, దానికి వేరే సాండింగ్ మెషిన్ పెట్టాం. పట్టు ఎక్కడుందో తెలిస్తే దాన్ని విప్పడమే కాదు, దాని మీద ఎంత బరువు పెట్టొచ్చో కూడా తెలుస్తుంది.

ఇది ఇంటిదాకా వచ్చిందన్నాను. మా నాన్న చౌటుప్పల్ అవతల మా ఊళ్లో వడ్రంగి. అమ్మ పోయాక ఆయన్ని ఎల్బీనగర్‌లో మా దగ్గరికి తెచ్చుకోవాలని నేనూ తమ్ముడూ చాలా అడిగాం. వయసు మీద పడుతోందని చెప్పాం, బతిమాలాం, అలిగాం. ఆయన రాలేదు. ఊరి మీద మమకారం అనుకున్నాం, పాత ఇంటి మీద మమకారం అనుకున్నాం. ఏ మాటతో నెడితే కదులుతారా అనే చూశాం. డ్రిల్ మెషిన్ తిరిగి నడిచాక వచ్చిన పండక్కి ఊరెళ్లినప్పుడు, ఆ సంగతే ఎత్తకుండా ఆయన పనిచేసే చెట్టు కింద కూర్చున్నాను.

“నాయినా, నీకు ఈడ ఏం పని మిగిలింది?” అని అడిగాను.

ఆయన వేపచెక్క మీద గీత గీస్తూనే చెప్పారు. “దర్వాజలున్నయిరా. మూడిండ్లోళ్లకు మాటిచ్చిన. గడప ఎత్తేనాడు నేను లేకపోతే ఎట్ల?”

మా వైపు కొత్త ఇంటికి దర్వాజ నిలబెట్టడం ఒక పండగ. పసుపు, కుంకుమ, మామిడాకులు పెట్టి గడప ఎత్తుతారు, వడ్రంగికి బట్టలు పెడతారు. ఆ ముహూర్తానికి దర్వాజ చేసిన చెయ్యి అక్కడ ఉండాలి. ఆయన్ని పట్టి ఉంచింది ఇల్లు కాదు, పొలం కాదు. ఇచ్చిన మాట. అది తెలిశాక ఇంక నెట్టే అవసరం లేకపోయింది. మా షాపు నుంచి ఎండిన మంచి టేకు పంపాం. గాడులు కొట్టే బరువు పనికి మా కుర్రాడు ఒకడు వెళ్లి సాయం చేశాడు. ఒక్కో ఇంటికి గడప ఎత్తారు. చివరి దర్వాజ నిలబడ్డాక ఆయనే ఫోన్ చేసి, బండి పంపమన్నారు. ఇప్పుడు మా షెడ్డులో ఒక మూల ఆయన బల్ల ఉంది. కుర్రాళ్లకు ఉలి నూరడం ఆయనే నేర్పుతున్నారు.

మనిషిని చక్‌తో పోల్చాలని ఇది చెప్పడం లేదు. మనిషి మెషిన్ కాదు. కానీ రెండు చోట్లా మనం చేసే తొందర ఒకటే. కదలని దాన్ని చూడగానే మన బలం సరిపోలేదనుకుంటాం, ఇంకాస్త బలం పెడతాం. కదలనిదానికి ఏదో ఒక కారణం ఉంటుంది. ఆ కారణం చాలాసార్లు మంచిదే. వాలు బిగుసుకోవడం మెషిన్ సరిగా పనిచేస్తున్నట్టు గుర్తు. నాన్న కదలకపోవడం ఆయన మాట మీద నిలబడే మనిషని గుర్తు. ఆ మంచితనాన్ని చూడకుండా విరిచి లాగితే చేతికి ముక్కలే మిగులుతాయి.

మెషిన్లు పాడైతే పారేయడం ఇప్పుడు మామూలైపోయింది. బాగుచేసే మనిషి దొరకడం కష్టం, కొత్తది కొనడం సులువు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఒకప్పుడు సందుకొకటి ఉన్న రిపేరు షెడ్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. చాచా షెడ్డు కూడా ఇప్పుడు లేదు, వయసైపోయి ఆయన పని మానేశారు. ఐటీఐలో ఫిట్టరు చదివిన పిల్లలు మా షాపుకి పనికోసం వస్తుంటారు. వాళ్లకు బిగించడం బాగా వచ్చు. విప్పడం రావాలంటే ఎవరో ఒకరు పక్కన కూర్చోబెట్టుకుని చూపించాలి. మా షాపులో ప్రతి కొత్త కుర్రాడికీ మొదట ఇచ్చే పని అదే. ఒక పాత చక్ దింపు, విప్పు, కడుగు, మళ్లీ కూర్చు. సుత్తి మాత్రం చివర్లో ఇస్తాం.

మీ ఇంట్లో చేతి డ్రిల్ ఉంటే, మీది చెక్కపని అయితే, ఈ నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి. ముందు ప్లగ్గు తీయండి. చక్‌లో కీ వదిలేసి ఎప్పుడూ స్విచ్ వేయకండి, అది బాణంలా ఎగిరి వస్తుంది. వానాకాలం రాకముందు ఒకసారి, వెళ్లాక ఒకసారి పొట్టు దులిపి, మరలకు చుక్క నూనె వేయండి, వాలుని పొడిగా ఉంచండి. ఏదైనా కదలకపోతే మాత్రం, చేయి ఎత్తే ముందు దాన్ని ఏది పట్టుకుని ఉందో చూడండి.